నలభై మూడు బుడగలు, ఒక గీత

ఆ రోజుల్లో నాకు రాని పనులు చాలానే ఉండేవి గానీ, రాదని నేను ఒప్పుకున్న పని మాత్రం ఒక్కటీ లేదు. (ఆ రోజులంటే మరీ పాతకాలం అనుకోకండి, ఏడేళ్ల కిందటి మాట. కానీ ఇరవై రెండేళ్ల నన్ను ఇప్పుడు తలుచుకుంటే ఎవరో దూరపు చుట్టాన్ని తలుచుకున్నట్టే ఉంటుంది.) ఎవరైనా "గిది వస్తదా?" అని అడిగితే నోరు ముందుగా "వస్తది" అనేసేది. మెదడు ఆ తర్వాత తీరిగ్గా వచ్చి, "ఏం వస్తదన్నవ్?" అని నన్నే నిలదీసేది. ఆ రెంటికీ మధ్య ఉన్న కాస్త ఎడంలో చెమటలు కక్కుతూ నా వయసంతా గడిచింది.

మాది సిరిసిల్ల. బాపు సాంచాల మీద పని చేసేవాడు. సాంచాలంటే మా దగ్గర మరమగ్గాలు. వాటి చప్పుడులో పుట్టి పెరిగాం కాబట్టి మా ఇంట్లో ఉప్పు అందించమన్నా వీధి చివరికి వినిపించేట్టే అడుగుతారు. ఆ చప్పుడు నాకొద్దని హైదరాబాద్ వెళ్లి, కార్లకు మెరుగులు దిద్దే ఒక పెద్ద షాపులో చేరాను. కారు రంగు మీద గీతలు పడకుండా, రాళ్లు తగిలి పెచ్చులు ఊడకుండా, పైన కనబడని ఫిల్మ్ ఒకటి అతికించడం ఆ షాపులో ముఖ్యమైన పని. నా పని అది కాదు. అతికించే ముందు కార్లు కడగడం, అతికించాక నేల తుడవడం. అక్కడి మేస్త్రి ఫిల్మ్ వేసేటప్పుడు ఒక కొస పట్టుకోమని నన్ను పిలిచింది మొత్తం నాలుగుసార్లు. ఆయన దాన్ని మంచం మీద దుప్పటి పరిచినట్టు పరిచేవాడు. దూరం నుంచి చూస్తే అంత సులువుగానే ఉండేది. రెండు నెలలు నిండగానే నాకు పచ్చకామెర్లు వచ్చి ఇంటికి చేరాను. తగ్గాక బాపు, ఇక సాంచా దగ్గరికి రమ్మన్నాడు. సరిగ్గా అప్పుడే, జగిత్యాలలో ఒక కారు డెకార్స్ షాపు వాళ్లకు ఫిల్మ్ వేసే మనిషి కావాలని తెలిసింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

షాపు యజమానిని నేను షాపన్న అనేవాణ్ణి. సీటు కవర్లు, మ్యాట్లు, హారన్లు అమ్ముకునే మనిషి, మంచివాడు. కార్లకు ఫిల్మ్ వేయించుకునే మోజు మన వైపు కూడా వస్తుందని అందరికంటే ముందే పసిగట్టాడు. నన్ను ఎగాదిగా చూసి, "ఎన్ని బండ్లకు ఏసినవ్ తమ్మీ?" అని అడిగాడు. "లెక్క వెట్టుకోలే అన్నా" అన్నాను. (ఇందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. సున్నాను ఎవరు లెక్క పెట్టుకుంటారు?) ఆ జవాబులోని వినయానికి షాపన్న ముచ్చటపడిపోయాడు. నాలుగు రోజులు తిరక్కుండానే షాపు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అందులో నేను ఆయన నల్లకళ్లద్దాలు పెట్టుకుని చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. నా వెనక, జగిత్యాల రోడ్ల మీద ఎన్నడూ తిరగని కారు. కింద పెద్ద అక్షరాలతో 'హైదరాబాద్ అనుభవం గల నిపుణుడు'. రోజూ ఆ ఫ్లెక్సీ కింది నుంచి తల వంచుకుని షాపులోకి వెళ్లేవాణ్ణి. హైదరాబాద్ మేస్త్రి ఏ పెళ్లికో ఇటువైపు వచ్చి దాన్ని చూస్తే నా గతేమిటని నాకు ఒకటే దిగులు.

నెల రోజుల పాటు ఎవరూ రాలేదు. షాపు ముందు కారు ఆగితే చాలు, నా గుండె కూడా ఆగేది. వాళ్లు రెండు మ్యాట్లు కొనుక్కుని వెళ్లిపోతే కాళ్లకు మొక్కాలనిపించేది. కారు దాకా వెళ్లి డోరు తీసి మరీ సాగనంపేవాణ్ణి. గిరాకీల మీద నాకున్న ఆ గౌరవం చూసి షాపన్న ఇంకా మురిసిపోయాడు.

అలాంటప్పుడు కోరుట్ల నుంచి లెక్కల మేడం వచ్చింది.

ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరు. యాభై దాటిన మనిషి. తెల్ల కారు, సీట్ల మీద షోరూం కవర్లు కూడా ఇంకా తీయలేదు. కారును కిరాయి డ్రైవర్ నడిపాడు, పక్కన మేడం, వెనక సీట్లో ఆమె భర్త. ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన సార్. మేడం దిగీ దిగగానే నన్నూ, ఫ్లెక్సీలో ఉన్న నన్నూ మార్చి మార్చి చూసింది. "మా నాయన కల్లు గీసెటందుకు తాళ్లెక్కేటోడు. మా ఇంట్ల సైకిల్ గూడ లేకుండె. ఇది నేను నా జీతంతోటి కొనుక్కున్న" అంది. తర్వాత ఒక్కో మాటా బోర్డు మీద రాస్తున్నట్టు చెప్పింది. "మా నాయనది గీత పని బాబూ. గని నా కారు మీద మాత్రం గీత వడద్దు." సార్ ముసిముసిగా నవ్వాడు. మేడం నవ్వలేదు.

ఆ తర్వాత నన్ను నిలబెట్టి ప్రశ్నలు అడిగింది. ఆ ఫిల్మ్ ఎట్ల పని చేస్తుంది, ఎన్నేళ్లు ఉంటుంది, ఎండకు పచ్చబడుతుందా. మేస్త్రి హైదరాబాద్‌లో గిరాకీలకు చెప్పిన మాటలన్నీ నేల తుడుస్తూ విన్నవాణ్ణే కాబట్టి గడగడా అప్పజెప్పాను. ఫిల్మ్ మీద సన్న గీతలేవైనా పడితే ఎండ వేడికి వాటంతట అవే మానిపోతాయని కూడా చెప్పాను. "మనుషులకు రాలేదా గిది?" అన్నాడు సార్. మేడం ఆయన వైపు ఒక్క చూపు చూసేసరికి ఆయన టీ తాగడానికి వెళ్లిపోయాడు.

పనికి రెండు రోజులు పడుతుందన్నాను. మేడం రెండు రోజులూ సెలవు పెట్టి వస్తానంది. వచ్చింది కూడా. షెడ్డులో ఒక మూలకు కుర్చీ వేయించుకుని, పిల్లల పరీక్ష పేపర్ల కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. షాపు వెనక ఉన్న ఆ రేకుల షెడ్డుకు దుమ్ము రాకుండా చుట్టూ తెరలు కట్టాం. (ఆ బట్ట నేనే సిరిసిల్ల నుంచి తెచ్చాను. ఆ రెండు రోజుల్లో నాకు నిజంగా తెలిసి చేసిన పని అదొక్కటే.)

ఈ పని చెప్పడానికి తేలిక. కారు శుభ్రంగా కడిగి, షాంపూ కలిపిన నీళ్లు చల్లి, తడి మీద ఫిల్మ్ పరిచి, రబ్బరు పలకతో నీళ్లన్నీ అంచుల దాకా తోసెయ్యాలి. నీళ్లు మిగిలితే బుడగ, గాలి మిగిలితే బుడగ, దుమ్ము పడితే బుడగ. నేను ముట్టుకోగానే ఆ ఫిల్మ్ తనకు తాను అంటుకుంది, తర్వాత నాకు అంటుకుంది. దాన్నించి నన్ను విడదీసుకోవడానికే పావుగంట పట్టింది. ఇక లాభం లేదని బాత్‌రూంలోకి వెళ్లి గొళ్లెం పెట్టి, ఫోన్లో ఒక వీడియో పెట్టుకున్నాను. ఎవరో విదేశీయుడు, ఏదో భాష, ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతులు మాత్రం కనబడేవి. ఆ చేతులు చేసింది చూసి వచ్చి, ఒక మూల అతికించి, తర్వాత మూల దగ్గర ఆగిపోయి, మళ్లీ బాత్‌రూంకు. బయట షాపన్న, వచ్చిన వాళ్లందరినీ తెర పక్కకు తెచ్చి గుసగుసగా, లోపల ఆపరేషన్ జరుగుతోందన్నట్టు చూపిస్తున్నాడు. మేడం ఎర్రపెన్నుతో పేపర్లు దిద్దుతూ మధ్యమధ్య కళ్లద్దాల మీదుగా చూస్తోంది. పదో తరగతిలో లెక్కల పరీక్ష రోజున కూడా నేను అంత భయపడలేదు.

రెండో రోజు మధ్యాహ్నం బానెట్ వంతు వచ్చింది. ఎడమ అంచు దగ్గర మిగులు ఫిల్మ్ కోస్తుంటే బ్లేడు జారింది. చిక్ అని చిన్న చప్పుడు. వంగి చూస్తే అంతా నురగ నీళ్లు, ఏమీ తెలియలేదు. మేడం వైపు చూశాను. పేజీ తిప్పుతోంది. నేను కూడా ఏమీ జరగనట్టు ఫిల్మ్ లాగి, దాని మీద పరిచేసి, పలకతో తోసేశాను. నా జీవితంలో అంత చిన్న చప్పుడు అన్ని రోజులు నా చెవిలో ఉండటం అదే మొదలు.

షెడ్డులోని ట్యూబులైట్ వెలుగులో కారు అద్దంలా మెరిసింది. షాపన్న ఫొటోలు తీసుకున్నాడు. మేడం పేపర్ల కట్ట సర్దుకుని వెళ్లింది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"నలభై మూడు" అంది మేడం.

ఏమిటని అడిగాను.

"బుడగలు. బానెట్ మీద ఇరవై ఎనిమిది, ఎడమ డోర్ల మీద తొమ్మిది, కుడి డోర్ల మీద ఆరు."

అవన్నీ లోపల మిగిలిన నీళ్లని, ఎండలో పెడితే నాలుగు రోజుల్లో ఆరిపోతాయని చెప్పాను. హైదరాబాద్‌లో మేస్త్రి గిరాకీలకు అలాగే చెప్పేవాడు. నిజంగా ఆరేవో, ఆరకపోతే ఏం చేసేవాడో నాకు తెలియదు. అంతలోపే నాకు కామెర్లు వచ్చాయి.

ఆ ఏడు ఎన్నడూ లేనట్టు, సరిగ్గా ఆ మర్నాటి నుంచే మబ్బు పట్టింది. వరి కోతలు అయిపోయి రోడ్ల వెంట వడ్లు ఆరబోసిన కాలం. రైతులంతా ఆకాశం వైపు చూస్తున్నారు, వాళ్లతో పాటు నేనూ. మొదటి ఆదివారం, బుడగలు చూసి రావడానికి కోరుట్ల బస్సులో పోతూ కిటికీలోంచి అదేపనిగా మబ్బుల్ని చూస్తుంటే, పక్కన కూర్చున్న పెద్దమనిషి నా మొహం చూసి జాలిపడి, "నీయి ఎన్ని ఎకరాలు కొడుకా?" అని అడిగాడు. నాది బానెట్ అంత పొలమేనని చెప్పలేక, రెండెకరాలన్నాను. ఆయన నిట్టూర్చి నా భుజం తట్టాడు. (ఆ రెండెకరాల అబద్ధానికి నాకిప్పటికీ సిగ్గే.)

మేడం ఇంటి వీధిలోకి తిరగ్గానే కారు కనిపించింది. తెల్ల కారు నిండా ఎర్రెర్రటి చుక్కలు. దగ్గరికి పోతే అవి స్టిక్కర్ బొట్లు. ఏ బుడగ పోయిందో ఏది ఉందో తెలియాలని, మేడం ప్రతి బుడగ పక్కనా ఒక బొట్టు బిళ్ల అతికించింది. బుడగ పోగానే బొట్టు తీసేస్తుందట. ఆ దారిన కూరగాయల గంప ఎత్తుకుని పోతున్న ఒకామె ఆగి, కారును చూసి, నన్ను చూసి, "బండికి అమ్మవారు వోసిందా?" అని భక్తిగా అడిగింది. సార్ గేటు దగ్గరికి వచ్చి, ఇంకో వారంలో దిగిపోతుందని ఆమెకు సమాధానం చెప్పి పంపించాడు.

మేడం నన్ను బానెట్ ఎడమవైపుకు తీసుకెళ్లింది. అక్కడ రెండు బొట్లు, జానెడు దూరంలో. వాటి మధ్య వెంట్రుకంత సన్నగా, కాస్త వంపు తిరిగి, ఒక గీత.

"ఇది బుడగ గాదు" అంది.

నా చెవిలో చిక్ అన్న చప్పుడు మళ్లీ వినబడింది. అది కూడా ఎండకు పోతుందని గొణిగాను. మేడం కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "ఫిల్మ్ మీద గీతైతే ఎండకు మానుతదన్నవ్. కింద, రంగు మీద గీతైతే?" అని అడిగింది. నాకు జవాబు తెలుసు. మేడంకూ తెలుసు. "చూద్దాం మేడం" అని మాత్రం అన్నాను.

ఆ వారం నేను బతికింది మేడం పంపే అంకెల మీద. రోజూ పొద్దున వాట్సాప్‌లో ఒక్క అంకె వచ్చేది. ముప్పై ఆరు. మర్నాడూ ముప్పై ఆరే. ఆ మర్నాడు ముప్పై అయిదు. బుధవారం మధ్యాహ్నం మబ్బు విడిచి ఎండ కాసింది. గురువారం ఇరవై ఒకటి. శుక్రవారం తొమ్మిది. మేస్త్రి నిజమే చెప్పేవాడన్నమాట. కానీ ప్రతి అంకె కిందా ఇంకో వాక్యం ఉండేది: గీత అట్లనే ఉన్నది. షాపన్నకు ఇవేవీ తెలియవు. గొల్లపల్లి నుంచి ఇంకో కారుకు మాట తీసుకున్నానని ఆయన సంబరంగా చెబుతుంటే నాకు అన్నం దిగేది కాదు. ఇవి చాలవన్నట్టు బాపు ఫోన్ చేశాడు. మా వీధివాళ్లెవరో జగిత్యాల వచ్చి ఫ్లెక్సీ చూశారట. ఎప్పుడూ నన్ను పొగడని మనిషి, సాంచాల చప్పుడు మీదుగా గట్టిగా, "మావోడు జగిత్యాలల పెద్ద మేస్త్రి అని అందరికి చెప్పిన" అన్నాడు. రంగు మీద నిజంగా గీత పడి ఉంటే ఉద్యోగం పోతుంది, అది సరే. ఆ మాట బాపు ఎంతమందికి చెప్పాడో, వాళ్లందరి దగ్గరా దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో, అదే నాకు తోచలేదు.

రెండో ఆదివారం కోరుట్ల వెళ్లేటప్పుడు బస్సులో ఒక అబద్ధం తయారుచేసుకున్నాను. ఆ గీత షోరూంలోనే పడిందని, నేను చూశాను గానీ చెప్పలేదని. నాలుగుసార్లు మనసులో చెప్పుకుని చూశాను. బాగానే ఉంది, అతుకు కనబడలేదు.

కారు మీద ఇప్పుడు రెండే బొట్లు ఉన్నాయి, గీతకు ఇటొకటి అటొకటి. మేడం లోపల పూజలో ఉంది. సార్ నాకు టీ ఇచ్చి, గోడకానుకుని, గొంతు తగ్గించి మాట్లాడాడు. "ఆమెకు లైసెన్సు వచ్చి ఏడాది అయితుంది. గని తోలాల్నంటే భయం. ఫిల్మ్ ఏసినంక తోలుత అన్నది. అటెన్క బుడగలు పోయినంక అన్నది. రాయికల్ల మా అత్తమ్మ రోజు ఫోన్ జేసి కారు ఎప్పుడు తెస్తవ్ అని అడుగుతది. ఈమేమో పొద్దుగాల లేచి బొట్లు లెక్క పెడుతది. లెక్క పెట్టుకుంటే భయం తగ్గుతది ఆమెకు. గీ గీత గూడ పోకపోతే ఇగ తోలదు తమ్మీ." అన్నేళ్లు ఉత్తరాల సంచులు మోసిన మనిషి కదా, ఎవరి మీదా ఏ నిందా వేయకుండా సంగతి మాత్రం చేరవేశాడు. ఆ రెండు రోజులూ ఎర్రపెన్నుతో కూర్చున్న మేడం కూడా నాలాగే భయపడుతోందని నాకు అంతవరకూ తట్టనే లేదు.

మేడం బయటికి వచ్చింది. "తీసి చూద్దాం. గీత ఉంటె ఉన్నది, లేకుంటె లేదు. ఏదో ఒకటి తెలుస్తది" అంది.

షోరూం అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని వదిలిపెట్టి, ఇంకేదో బయటికి వచ్చింది.

"మేడం, నాకు గీ పని రాదు. మీ కారే మొదటిది. బ్లేడు జారింది. ఆ గీత నేనే గీసిన కావచ్చు."

సార్ గ్లాసు గోడ మీద పెట్టాడు. మేడం నా వైపు చూసి, "తెలుసు" అంది.

ఎప్పటి నుంచో కూడా ఆమే చెప్పింది. "మొదటిరోజు పదకొండు గంటలకే తెలుసు. పొద్దున్నుంచి ఏడుసార్లు బాత్‌రూంకు పోయినవ్, ఫోన్ పట్టుకొని. పాతికేండ్ల సంది పరీక్ష హాల్ల డ్యూటీ చేస్తున్న. అన్నిసార్లు పోయేటోడు ఎందుకు పోతడో నాకు తెల్వదా?"

మరి ఎందుకు ఆపలేదని అడిగాను.

"ఆపితే ఇంకెవలున్నరు జగిత్యాలల? అయినా చూసిన. పోయొచ్చినప్పుడల్లా, ముందు చేసిన తప్పు మళ్ల చెయ్యలే నువ్వు. ఇగ తియ్యరా."

ఆ ఒక్క క్షణంలో నేను 'బాబూ' నుంచి 'అరేయ్' తరగతిలోకి వచ్చిపడ్డాను. అందులో ఎంత ఊరట ఉందో, మంచి టీచర్ దగ్గర తిట్లు తిన్నవాళ్లకే తెలుస్తుంది.

ఇంట్లోంచి వేడినీళ్లు, మేడం జుట్టు ఆరబెట్టుకునే మిషనూ తెచ్చారు. అంచు వేడిచేసి, గోటితో లేపి, మెల్లగా లాగడం మొదలుపెట్టాను. ముగ్గురి తలలూ బానెట్ మీదికి వంగాయి. ఫిల్మ్ లేస్తోంది, గీత దగ్గరికి వస్తోంది. నాకు కళ్లు మూసుకోవాలనిపించింది. ఇంకో అంగుళం లాగేసరికి గీత కదిలింది. కదిలి, ఫిల్మ్‌తో పాటు పైకి లేచింది. కింద రంగు తెల్లగా, నున్నగా, పాలమీగడలా ఉంది.

మేడం ఫిల్మ్ వెనకనుంచి ఆ గీతను రెండు వేళ్లతో తీసి అరచేతిలో పెట్టుకుంది. జానెడు దారప్పోగు. నేను సిరిసిల్ల నుంచి తెచ్చి కట్టిన తెరల నుంచి ఊడిపడ్డ పోగు. మూడు తరాలుగా పోగులు అతికే ఇంట్లో పుట్టి, పోగుకూ గీతకూ తేడా తెలియక పది రోజులు అన్నం మానేశాను నేను. బ్లేడు తగిలింది ఎక్కడో కూడా మేడమే వెతికి పట్టుకుంది. ముందద్దం కింద ఉండే నల్ల ప్లాస్టిక్ మీద, బియ్యపు గింజంత గాటు. నేను కళ్లు తుడుచుకుంటుంటే వేడినీళ్లు చిందాయనుకున్నారో, అనుకున్నట్టు ఊరుకున్నారో మరి.

ఒకసారి లేపి దుమ్ము తగిలిన ఫిల్మ్ మళ్లీ అతకదు. బానెట్ మీదిది మొత్తం తీసేశాను. ఇంకోరోజు కొత్తది వేస్తానని, అంతవరకు కారు కదిలించవద్దని చెప్పబోతుంటే మేడం లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చింది. "రాయికల్ పోదాం, నడువు" అంది. సార్‌ను వెనక కూర్చోమంది. నన్ను ముందు కూర్చోమంది.

ఆ ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. మేడం స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా పిల్లలకు సూత్రం చెప్పినట్టు తనకు తనే ఏదో చెప్పుకుంటూ నడిపింది. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు, రెండో పక్క మేము. ఎదురుగా వడ్ల బస్తాలతో ఒక ట్రాక్టర్ వచ్చింది. దాని చక్రం కింది నుంచి ఒక గులకరాయి లేచి, టప్ మని బానెట్ మీద పడింది. కారు ఆగింది. ముగ్గురమూ దిగి చూశాం. ఆవగింజంత పెచ్చు ఊడింది. నేను నేల చూపులు చూస్తున్నాను. ఫిల్మ్ తీసి గంట కూడా కాలేదు.

మేడం వేలితో ఆ చుక్కను ఒకసారి తడిమింది. "పడ్డది గద" అంది నెమ్మదిగా. "ఇగ ఏం పడుతదో అని చూసుడైతే లేదు." వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది. అక్కణ్ణుంచి కారు కాస్త వేగంగానే పోయింది. వెనక సీట్లోంచి సార్ నా భుజం మీద చెయ్యివేసి నొక్కాడు.

రాయికల్‌లో మేడం వాళ్ల అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. ఎనభై ఏళ్ల మనిషి, బీడీలు చుట్టి చుట్టి గట్టిపడ్డ వేళ్లు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, డోరు అంచు దగ్గర ఆగి, కళ్లు చికిలించి, "కొత్తదాని మీది ప్లాస్టిక్ కాయితం ఇంకా తియ్యలేదేందే?" అంటూ గోటితో ఫిల్మ్ కొస లేపడం మొదలుపెట్టింది. నా పది రోజుల కష్టం ఆ గోటి కింద లేస్తుంటే పరుగెత్తి ఆమె చేతులు పట్టుకున్నాను. అప్పుడు మేడం నవ్వింది. ఆమె నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

మర్నాడు షాపన్నకు మొత్తం చెప్పేశాను. ఆయన బయటికి వెళ్లి ఫ్లెక్సీ వైపు చూశాడు, లోపలికి వచ్చి నన్ను చూశాడు. "ఫ్లెక్సీ కట్టినం గదా తమ్మీ, ఇప్పుడు నీ మొఖం తీసి ఎవలది వెట్టాలె? పోయి నేర్చుకొని రా" అన్నాడు. ఇరవై రోజులు హైదరాబాద్‌లో మళ్లీ ఆ మేస్త్రి దగ్గరే ఉండి, ఈసారి నేల తుడవకుండా చేతులు చూశాను. వచ్చాక మొదట చేసింది మేడం బానెట్. బాపుకు ఈ కథ చెప్పడానికి మాత్రం ఇంకో రెండేళ్లు పట్టింది.

ఇప్పుడు సిరిసిల్లలో నాకు సొంత షాపు ఉంది. పోయిన ఎండాకాలం మేడం కోరుట్ల నుంచి తానే కారు నడుపుకుంటూ వచ్చింది. ఫిల్మ్ కాలం చెల్లింది, అంచులు పచ్చబడ్డాయి, తీసేసి కొత్తది వేయమంది. ఎడమ డోరు తెరిచి, లోపలి అంచు దగ్గర వేడిచేస్తుంటే, ఎవరూ చూడని ఆ మూలన నేను ఆనాడు కోసిన కోత కనబడింది. ఒక్క లాగులో పోవాల్సిన కోత. పదిహేను ముక్కలుగా ఉంది. అంగుళం కోసి ఆగడం, మళ్లీ అంగుళం కోసి ఆగడం. ఆగిన ప్రతిచోటా ఆ ఇరవై రెండేళ్లవాడు ఊపిరి బిగబట్టి, తల తిప్పి కుర్చీ వైపు చూసి ఉంటాడు. ఎంత భయపడ్డాడో, అయినా ఎంత జాగ్రత్తగా చివరిదాకా పోయాడో, అంతా అక్కడ ఉంది. నాకు నవ్వాగలేదు.

ఎందుకు నవ్వుతున్నావని మేడం అడిగింది.

"ఎవలో కొత్తోడు ఏసిండు మేడం. చానా భయపడుకుంట కోసిండు" అన్నాను.

మేడం కళ్లద్దాలు సర్దుకుని, వంగి, ఆ అంచును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. "ఏడేండ్లు ఊడలే గద" అని, వెళ్లి కుర్చీలో కూర్చుంది.

కారు మొత్తం ఫిల్మ్ మధ్యాహ్నానికల్లా తీసేశాను. ఆ ఒక్క అంచు దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపే పట్టింది.